ఇంటి వీడియోలు దాచుకోవడానికి ఏ ఫార్మాట్ మంచిది?

ఫోన్‌లోనూ టీవీలోనూ ఇబ్బంది లేకుండా ఆడాలంటే ఎంపీ4 ఫైలే మంచిది, అయితే అందులో హెచ్.264 పద్ధతిలో కుదించిన వీడియో, ఏఏసీ పద్ధతిలో కుదించిన ఆడియో ఉండాలి.

ఎంపీ4 అనేది పైన డబ్బా మాత్రమే. లోపల బొమ్మను ఏ పద్ధతిలో కుదించారో దాన్ని కోడెక్ అంటారు, వీడియో ఆడేదీ ఆగేదీ ఎక్కువగా దాన్ని బట్టే. 2003లో వచ్చిన హెచ్.264 కోడెక్‌ను ఇప్పటి ఫోన్లు, స్మార్ట్ టీవీలు దాదాపు అన్నీ చదువుతాయి. 2013 నాటి హెచ్.265లో ఫైలు సైజు సుమారు సగానికి తగ్గుతుంది కానీ, పాత టీవీల్లో ఆడకపోవచ్చు.

పెళ్లి డీవీడీనే తీసుకోండి. అందులో ఉండేవి వీఓబీ ఫైళ్లు, కోడెక్ ఎంపెగ్-2, బొమ్మ మన దగ్గర సాధారణంగా 720×576 పిక్సెళ్ల సైజు. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264లోకి మార్చవచ్చు. అందులో డీఇంటర్లేస్ (గీతలుగా విడిపోయిన బొమ్మను సరిచేసే సెట్టింగ్) ఆన్ చేయడం మరవకండి. లేకపోతే తలంబ్రాలు పోసే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. బొమ్మ సైజును 1080కి పెంచినా లేని వివరాలు కొత్తగా రావు. ఇలా మళ్లీ కుదించిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది కాబట్టి అసలు వీఓబీలను మాత్రం దయచేసి చెరపకండి, వేరే హార్డ్‌డిస్క్‌లో కూడా ఒక కాపీ ఉంచండి.

ఫైలు పేరు చివర ఎంపీ4 అని మారిస్తే ఫార్మాట్ మారిపోతుందని చాలామంది అనుకుంటారు. మారేది పేరు ఒక్కటే. అలాగే ఎంకేవీలో క్లారిటీ ఎక్కువనేదీ అపోహే: అదీ ఒక డబ్బానే. లోపల ఉన్నది హెచ్.264 అయితే, మళ్లీ కుదించకుండానే ఎంపీ4లోకి సర్దేయవచ్చు, నాణ్యత ఏమాత్రం తగ్గదు.