అమెరికా మనసును చదవబోయే అమ్మాయికి

చిరంజీవి స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

వేర్వేరు సంస్కృతుల మనసులను పోల్చి చూసే క్రాస్-కల్చరల్ సైకాలజీ పేపర్ తీసుకున్నావని, ప్రాజెక్టు కూడా అమెరికా సమాజం మీదే రాయాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావట కదా. ఇక్కడ అమెరికా కాలేజీలో చాలా ఏళ్లు ఈ సబ్జెక్టు చెప్పినదాన్ని కాబట్టి, ఆగస్టులో నీ క్లాసులు మొదలయ్యేలోపు నాకు తోచింది రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ఏ అధ్యయనం చేతికొచ్చినా ఫలితాల పేజీకి వెళ్లకముందే ఎవరిని అడిగారో చూడు. జెఫ్రీ ఆర్నెట్ అనే సైకాలజిస్టు 2008లో అమెరికా నుంచి వచ్చే ప్రముఖ సైకాలజీ పత్రికలు కొన్ని తీసుకుని లెక్క కట్టాడు. వాటిలో పరీక్షకు కూర్చున్నవాళ్లలో 68 శాతం అమెరికన్లే. మిగతా పాశ్చాత్య పారిశ్రామిక దేశాలను కూడా కలిపితే 96 శాతం. "మనిషి ఇలా ఆలోచిస్తాడు" అని పుస్తకాల్లో ఉన్నదానిలో చాలా భాగం వాళ్లను చూసి రాసిందే. కంటిచూపు సంగతే తీసుకో. సమానమైన రెండు గీతల చివర్లలో, ఒకదానికి లోపలికి, ఇంకోదానికి బయటికి బాణపు రెక్కలు గీస్తే ఒక గీత పొడవుగా కనిపిస్తుంది. అది అందరి కంటికీ ఒకేలా ఉంటుందనుకునేవాళ్లు. 1966లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఇవాన్‌స్టన్ అనే అమెరికన్ ఊరివాళ్లు ఆ భ్రమకు బాగా లోనయ్యారు. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో ఉండే సాన్ ప్రజలకు అది దాదాపు లేనే లేదు. కాబట్టి అమెరికన్‌ను మనిషికి కొలబద్దగా పెట్టుకోకు. అతనిది కూడా ఒక సంస్కృతే, దానికీ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియకుండా ఈ సబ్జెక్టు చదివితే అంకెలు మాత్రమే మిగులుతాయి.

అంకె అంటే నీకు మొదటి వారంలోనే కనబడేది 91. గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు 1967 నుంచి 1973 వరకు ఐబీఎం ఉద్యోగుల దగ్గర సేకరించిన లక్షకు పైగా ప్రశ్నావళుల నుంచి దేశాలకు మార్కులు వేశాడు. వ్యక్తివాదంలో, అంటే గుంపు కంటే తన సొంత ఇష్టానికి పెద్దపీట వేయడంలో, అమెరికాకు 91, అన్నిటికంటే ఎక్కువ. మన దేశానికి 48. చాలామంది విద్యార్థులు ఆ అంకె రాసి, అమెరికన్లు ఎవరికి వారే అని తేల్చేసి ముగిస్తారు. నువ్వు అక్కడే మొదలుపెట్టు. అది ఒక కంపెనీ ఉద్యోగుల సగటు. దేశానికి వేసిన సగటును నీ పక్క సీట్లో కూర్చున్న అమ్మాయికి అంటగట్టకూడదు. డాఫ్నా ఓయ్‌సర్‌మన్ అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు 2002లో చాలా అధ్యయనాలను కలిపి చూస్తే, తెల్ల అమెరికన్లు నల్లజాతి అమెరికన్ల కంటే ఎక్కువ వ్యక్తివాదులేమీ కాదని, జపాన్, కొరియా వాళ్ల కంటే తక్కువ సమూహవాదులూ కాదని తేలింది. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకుని నాలుగు రోజులు ఆలోచించు. నీ ప్రాజెక్టు అందులోంచే పుట్టవచ్చు.

ఆ వ్యక్తివాద స్వభావం ఎక్కడిది అనే ప్రశ్నకు పాత సమాధానం సరిహద్దు భూములు, అంటే వలస వచ్చినవాళ్లు పడమటికి జరుగుతూ స్థిరపడిన అంచు ప్రాంతాలు. ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే చరిత్రకారుడు 1893లో షికాగోలో ఆ వాదం చదివాడు: పడమటికి జరుగుతూ పోయిన ఖాళీ నేలే అమెరికన్‌ను తయారుచేసిందని. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం, ఐదేళ్లు ఉండి సాగు చేసిన కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చింది. ఈమధ్య ఆర్థికవేత్తలు దీన్ని కొత్తగా పరీక్షించారు. ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎక్కువ కాలం సరిహద్దుగా ఉందో అక్కడివాళ్లు పిల్లలకు అరుదైన పేర్లు పెట్టేవాళ్లని, ఈ రోజుకీ అక్కడ పన్నుల మీద వ్యతిరేకత ఎక్కువని 2020లో చూపించారు. పిల్లల పేర్లతో సంస్కృతిని కొలవడం నాకు ఎంతో నచ్చింది. కానీ ఆ నేల ఖాళీగా లేదు తల్లీ. 1830లో చట్టం చేసి చెరోకీల వంటి మూలవాసి జాతులను సొంత ఊళ్ల నుంచి వెళ్లగొట్టారు. టర్నర్‌ను చదివిన రోజే అది కూడా చదువు, లేకపోతే నీ వ్యాసంలో సగం మనుషులే కనిపించరు.

అమెరికా దక్షిణాది గురించి రిచర్డ్ నిస్బెట్, డోవ్ కోహెన్ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివే కుర్రాళ్లను ఒక ఇరుకు కారిడార్‌లో నడిపించారు. ఎదురొచ్చినవాడు భుజంతో గుద్ది ఒక తిట్టు తిట్టి పోతాడు. ఉత్తరాది కుర్రాళ్లు చాలావరకు పట్టించుకోలేదు. దక్షిణాది వాళ్లలో మాత్రం ఒత్తిడికి, దూకుడుకు సంబంధించిన హార్మోన్లు పెరిగాయి. కారణంగా ఆ పరిశోధకులు చెప్పింది 18వ శతాబ్దం సంగతి. ఉత్తర ఐర్లాండ్ నుంచి, స్కాట్లాండ్ సరిహద్దుల నుంచి వచ్చి దక్షిణాది కొండల్లో స్థిరపడ్డ పశువుల కాపర్లు దక్షిణాది వాళ్ల పూర్వీకులు. మందను రాత్రికి రాత్రే తోలుకుపోవచ్చు, పోలీసు దూరం. "వీడి జోలికి పోకూడదు" అన్న పేరే కాపలా. మందలు పోయాక కూడా ఆ పరువు పట్టింపు మిగిలిందని పరిశోధకుల వాదం. ఇప్పుడు నువ్వు అడగాల్సింది అడుగు. ఎవరిని పరీక్షించారు? తెల్ల కుర్రాళ్లను. దక్షిణాది ఆడవాళ్లు, నల్లవాళ్లు అందులో లేరు. దౌర్జన్యం మీదే నిలిచిన బానిసత్వం ఈ పరువులో ఎంత భాగం? ఈ ప్రశ్నలు వేసినా ఆ ప్రయోగం విలువ తగ్గదు, నీ చదువు పదునెక్కుతుంది.

నల్లజాతి మేధావి డు బోయిస్‌ను సోషియాలజీ వాళ్లకు వదిలేయకు. హార్వర్డ్‌లో సైకాలజిస్టు విలియం జేమ్స్ దగ్గర చదివిన ఆయన, ఎప్పుడూ ఇతరుల కళ్లతో తనను తాను చూసుకోవాల్సి రావడం గురించి 1903లోనే రాశాడు. 1619లో వర్జీనియా తీరంలో ఆఫ్రికన్లను దించినప్పటి నుంచి ఈ దేశపు పాట, ప్రార్థన, నిరసన అన్నిటిలో వాళ్ల చెయ్యి ఉంది. ఏదో ఒక ఆదివారం నల్లజాతి వాళ్ల చర్చికి అనుమతి అడిగి వెళ్లి వెనక వరసలో కూర్చో. పాస్టర్ ప్రతి మాటకూ జనం బదులు పలుకుతుంటే వ్యక్తివాదం అన్న మాట నువ్వు మళ్లీ జాగ్రత్తగా వాడతావు.

మనవాళ్ల మీద ఒక హెచ్చరిక. చాలామంది తెలుగు పిల్లలు సులువుగా దొరుకుతారని ఇక్కడి తెలుగు కుటుంబాలకు ప్రశ్నావళి పంచి, భారతీయుల మనస్తత్వం అని రాసేస్తారు. అలా చేయకు. 1924 చట్టంతో ఆసియావాళ్లకు దాదాపు తలుపులు మూసిన ఈ దేశం, 1965లో తెరిచినప్పుడు చదువు, నైపుణ్యం చూసి చాలామందిని రానిచ్చింది. మనం జల్లెడ పట్టి వచ్చినవాళ్లం. మా కాలనీని చూసి కర్నూలు గురించి చెప్పలేవు. ప్రశ్నలు తెలుగులోకి మారిస్తే, అసలు ప్రతిని చూడని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి రెండూ సరిపోల్చు. ఈ పని విసుగు పుట్టిస్తుంది, అయినా మానకు.

చదవడం మాత్రం సైకాలజిస్టు జోన్ మిల్లర్ 1984 వ్యాసంతో మొదలుపెట్టు. షికాగోలో, మన మైసూరులో పిల్లల్ని, పెద్దల్ని అడిగింది: ఒకరు చేసిన మంచికో చెడుకో కారణం ఏమిటని. షికాగో పెద్దలు మనిషి గుణాన్ని చెప్పారు. మైసూరు పెద్దలు పరిస్థితుల్ని, బంధాల్ని చెప్పారు. చిన్నపిల్లల్లో ఈ తేడా చాలా తక్కువ, వయసుతో పెరుగుతూ వచ్చింది. సంస్కృతి ఎలా ఎక్కుతుందో ఇంత శుభ్రంగా చూపించిన వ్యాసాలు కొన్నే ఉన్నాయి. చదివేటప్పుడు ఒక పక్క ఆమె చూసింది, ఇంకో పక్క ఆమె ఊహించింది విడివిడిగా రాసుకో. చదవడం అయ్యాక ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు. శనివారం పొద్దున్న ఫోన్ చేస్తే కూర్చుని మాట్లాడుకుందాం.

ప్రేమతో,
పెద్దమ్మ