హార్డ్ డిస్క్‌లో నిజంగా 255 హెడ్లు ఉంటాయా?

హనుమకొండలో ఓ రిపేర్ షాపులో పాత కంప్యూటర్ ఆన్ చేస్తే డిస్క్‌కు 255 హెడ్లు, ట్రాక్‌కు 63 సెక్టార్లు అని చూపించిందట. హెడ్ అంటే డేటాను చదివి, రాసే భాగం; ట్రాక్ అంటే డేటా ఉండే వలయం; సెక్టార్ అంటే ఆ వలయంలో ఒక ముక్క. లోపల నిజంగా అన్ని ఉంటాయా అని మీ ప్రశ్న. ఉండవు.

డిస్క్ లోపల తిరిగే గుండ్రటి పళ్లెం ప్లేటర్. దానికి రెండు వైపులా ఒక్కో హెడ్. 255 హెడ్లంటే 128 ప్లేటర్లు కావాలి. సుమారు 26 మిల్లీమీటర్ల మందం ఉన్న పెట్టెలో అవి ఎక్కడ పడతాయి?

63 కూడా ఉత్త లెక్కే. వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడేటప్పుడు చూడండి: లోపలి వలయంలో పది మంది పడితే బయటి వలయంలో ముప్పై మంది పడతారు. ట్రాకులూ అంతే. బయటి ట్రాక్ పొడవు ఎక్కువ, కాబట్టి దాంట్లో సెక్టార్లూ ఎక్కువే. తిరిగే వేగం మాత్రం మారదు, 7200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అయితే సెకనుకు 120 చుట్లు. అందుకే బయటి ట్రాకుల నుంచి డేటా చకచకా వస్తుంది, లోపలికి పోయేకొద్దీ నెమ్మదిస్తుంది.

మరి ఆ అంకెలు ఎక్కడివి? పాత బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాం) సిలిండర్‌కు, అంటే అన్ని ప్లేటర్ల మీదా ఒకే వరుసలో ఉన్న ట్రాకుల గుంపుకు, 10 బిట్లు (1024 విలువలు), హెడ్‌కు 8 (256), సెక్టార్‌కు 6 (64) కేటాయించింది. సెక్టార్ల లెక్క 1 నుంచి మొదలవుతుంది కనుక 63 దాకానే. హెడ్లు 256 పెడితే అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ తడబడేది, అందుకే 255. సెక్టార్‌కు 512 బైట్లు కనుక 1024 × 255 × 63 × 512 బైట్లు, అంటే సుమారు 8.4 జీబీ దగ్గర బండి ఆగిపోయేది.

ఇప్పుడు ఎల్‌బీఏ (లాజికల్ బ్లాక్ అడ్రసింగ్) పద్ధతిలో సెక్టార్లకు 0 నుంచి వరుస నంబర్లే. ఏ నంబరు ఏ ట్రాక్‌లో ఉందో డిస్క్ లోపలి కంట్రోలరే చూసుకుంటుంది.