నీట్ సీటు రాలేదని సైకాలజీనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. బైపీసీ తరువాత లాంగ్‌టర్మ్ కోచింగ్ కూడా ఇప్పించినా మా అమ్మాయికి నీట్‌లో సీటు రాలేదు. ఇప్పుడు మానవ వికాసం, సైకాలజీ చదువుతానంటోంది. అది పిచ్చివాళ్ల చదువని బంధువులు అంటున్నారు. బీఏ సైకాలజీ మేలా, కమ్యూనిటీ సైన్స్ మేలా? ఏడాది ఆన్‌లైన్ డిప్లొమాతో కౌన్సెలర్ కావచ్చంటున్నారు, నిజమేనా?

సమాధానం: మీరు అడిగినవి కోర్సుల గురించే అయినా, ఉత్తరంలో కనిపించే బెంగ వేరు: కోచింగ్ కలిసిరాక, దిక్కుతోచక బిడ్డ ఈ పేరు చెబుతోందేమోనన్నది. నీట్ ఫలితాల తరువాత ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. మీరు కోచింగ్ సంగతి రాశారు, రాని సీటు సంగతి రాశారు, బంధువుల మాట రాశారు. ఆమె ఈ సబ్జెక్టు ఎందుకు కోరుకుంటోందో ఒక్క వాక్యమైనా రాయలేదు. బహుశా అడిగి ఉండరు. ముందు ఆ పని చేయండి. ఆమెకు నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటున్నా, డిగ్రీ దానికి మందు కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అటువంటిదేమీ లేదంటే నిశ్చింతగా ఉండండి, ఆమె కోరిక తప్పుదారి కాదు.

బంధువుల మాటకు వద్దాం. ఇది పిచ్చివాళ్ల చదువు కాదు. మనిషి కడుపులో పడిన నాటి నుంచి ముసలితనం దాకా శరీరం, మాట, ఆలోచన, బంధాలు ఎలా మారుతాయో మానవ వికాస శాస్త్రం చెబుతుంది. సమాన కొలతలో ఉన్న రెండు గ్లాసుల నీళ్లు చూపించి, ఒకదాన్ని సన్నని పొడవాటి గ్లాసులోకి వంచి ఎందులో ఎక్కువున్నాయని అడిగితే, నాలుగేళ్ల పిల్ల సాధారణంగా పొడవాటి దాన్నే చూపిస్తుంది. ఏడెనిమిదేళ్లు వచ్చాక రెండూ ఒకటేనంటుంది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే చూపిన ఈ తేడాను విద్యార్థి స్వయంగా పిల్లల దగ్గర కూర్చుని గమనించి రికార్డులో రాయాలి, అందులో 'మొండిపిల్ల' వంటి తీర్పులు రాయకూడదు. మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ 1950లో చెప్పిన మనిషి జీవితపు ఎనిమిది దశల్లో చివరిది వృద్ధాప్యం. తల్లిదండ్రులు ముంబై, పుణె వలసపోతే అవ్వాతాతల దగ్గర పెరిగే పాలమూరు పిల్లలను, ఆ వయసులో మళ్లీ పిల్లలను సాకవలసివచ్చిన అవ్వాతాతలను కలిపి అర్థం చేసుకునే చదువు ఇంతకంటే వేరేది నాకు తెలియదు.

పోలిక అడిగారు. బీఏ సైకాలజీ దగ్గరి కాలేజీలో దొరికితే ఖర్చు తక్కువ, పీజీకి సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాసుకోవచ్చు. హైదరాబాద్ సైఫాబాద్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ కళాశాలలో ఉన్న నాలుగేళ్ల కమ్యూనిటీ సైన్స్‌లో మానవ వికాసం, కుటుంబ అధ్యయనాలు ఒక విభాగం. పూర్వం గృహ విజ్ఞానమన్నది దీన్నే. స్త్రీ శిశు సంక్షేమ శాఖ సూపర్‌వైజర్ ఉద్యోగాల అర్హతల్లో గృహ విజ్ఞానానికి చోటుంటూ వచ్చింది, ఒక్క బీఏ సైకాలజీకి అంత భరోసా ఇవ్వలేను. బైపీసీ పిల్ల కనుక నా మొగ్గు సైఫాబాద్ వైపు. అయితే ఆమె మనసు చికిత్స వైపే ఉంటే సైకాలజీయే నేరుదారి.

ఇక ఆ డిప్లొమా. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, కొన్ని వారాల్లో 'చైల్డ్ సైకాలజిస్ట్' అవుతారనే ప్రకటనలు. దీని మీద నాకు సందేహం కాదు, కోపమే ఉంది. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పిన అర్హతల్లో ఒకటి పీజీ, ఆపైన రోగుల మధ్య పర్యవేక్షణలో సాగే రెండేళ్ల ఎంఫిల్. ఆ దారిలో డిగ్రీతో కలిపి ఏడేళ్లు పట్టేది. ఆ ఎంఫిల్ ప్రవేశాలకు యూజీసీ 2025-26 వరకే గడువిచ్చింది, కనుక ఇప్పుడు ఏ కోర్సులు చెల్లుతాయో ఆ మండలి దగ్గరే కనుక్కోండి. సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపవద్దని 2025 ప్రవేశాల నుంచి యూజీసీయే ఆదేశించింది. ఎంబీబీఎస్‌కు ఐదున్నరేళ్లు ఓపిక పట్టడానికి సిద్ధపడిన మీరు, మనసుకు వైద్యం చేసే పని ఏడాదిలో వచ్చేస్తుందని ఎలా నమ్మారు? ఊళ్లో ఆర్‌ఎంపీ బోర్డు చూస్తే అనుమానించే మీరే కూతురి పేరుతో అలాంటి బోర్డు కట్టించబోతున్నారు. పొరుగింటి పిల్ల చావు మాట ఎత్తితే, ఆ సర్టిఫికెట్ పట్టుకున్న మీ అమ్మాయి ఏం చేయగలదు?

తొలి డిగ్రీ తరువాత జీతం పెద్దగా ఉండదని ఇప్పుడే తెలుసుకోండి. బడులు, ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు మొదట్లో ఇచ్చేది కొద్దే. పీజీ దాకా నిలబడే ఏర్పాటు ఇంట్లో ఉండాలి, పెళ్లి మాట ఆ లోపు ఎత్తకూడదు. ఇది మీకు కష్టమైతే ఆమెకు దాచకుండా చెప్పండి, పార్ట్‌టైమ్ పనో, స్కాలర్‌షిప్పో ఆమె చూసుకోగలదు.

ఆన్‌లైన్ డిప్లొమాకు అడ్వాన్సు కట్టకండి. కాలేజీ తెరిచి ఉండే రోజున ఇద్దరూ కలిసి సైఫాబాద్ వెళ్లి, చదువుతున్న అమ్మాయిల ప్రాక్టికల్ రికార్డులు చూడనిమ్మని అడగండి. మాట్లాడేది మీ బిడ్డ, మీరు పక్కన కూర్చోండి. హాస్టల్ సంగతి కూడా ఆ రోజే కనుక్కోండి.