పాత స్పోర్ట్స్ కారు సర్వీసింగ్‌లో ఆకుపచ్చ కూలెంట్ పోయాలా, ఎర్రదా?

రంగు చూసి మాత్రం పోయకండి. మీ ప్రశ్నకి నా జవాబు ఇంతే, మిగతాదంతా నా గోడు, ఓపిక ఉంటే చదవండి.

ముప్పై ఏళ్ళ నాటి రెండు సీట్ల కారు కొన్నాననీ, అందులో ఏ కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) పోసి ఉందో తెలియదనీ, ఒకరు ఆకుపచ్చ అంటే ఇంకొకరు ఎర్రది అన్నారనీ, మూడో ఆయన ఏ కారుకైనా సరిపోయే 'యూనివర్సల్' డబ్బా చేతిలో పెట్టాడనీ రాశారు. ఆ మూడో ఆయన లాంటివాడి పుణ్యమా అనే నేను ఇంజన్ పైభాగం, అదే సిలిండర్ హెడ్, విప్పించుకోవాల్సి వచ్చింది.

నాది 1991 మోడల్ టొయోటా ఎం.ఆర్.2. ఇంజన్ సీట్ల వెనకాల, రేడియేటర్ ముందు బంపర్ దగ్గర, రెండింటినీ కలుపుతూ కారు పొడుగునా పైపులు. మామూలు చిన్న కారుకి ఐదారు లీటర్లు చాలు, దీనికి దాదాపు 13 లీటర్లు కావాలి. కొన్నప్పుడు రిజర్వ్ ట్యాంకులో ఎర్రగా, శుభ్రంగా కనిపిస్తే పాత ఓనరు బుద్ధిమంతుడే అని మురిసిపోయాను. రిజర్వ్ ట్యాంకులో కనిపించేది ఇంజన్‌లో తిరిగేది కానక్కర్లేదని, పైన ఓ గ్లాసు కొత్తది పోసినా అలాగే మెరుస్తుందని అప్పటికి నాకు తట్టలేదు. అసలు మూత తీసి వేలు పెట్టి చూసిన పాపాన పోలేదు.

రెండు నెలలకి లెవెల్ తగ్గింది. సర్వీసుకి ఇస్తే మెకానిక్ ఆకుపచ్చ డబ్బా ఒకటి తెచ్చి, "దేనికైనా పనికొస్తుంది సార్" అంటూ గడగడా పోసేశాడు. నేను పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నాను. నా బాధంతా అదే.

ఆ చలికాలం కొండ దారిలో వెళ్తున్నాను. హీటర్ వేస్తే మొదట వేడి గాలి వచ్చింది, కాసేపటికి గోరువెచ్చగా అయింది, ఆ తర్వాత చల్లగా కొట్టడం మొదలుపెట్టింది. హీటర్ పోయినట్టుంది, దిగాక చూద్దాంలే అనుకున్నాను. టెంపరేచర్ ముల్లు కొంచెం పైకి లేచింది, టెన్షన్ మొదలైంది, అంతలోనే చటుక్కున కిందికి పడిపోయింది. హమ్మయ్య చల్లబడింది అనుకుని, నమ్మండి, ఇంకో నాలుగు కిలోమీటర్లు హాయిగా ఎక్కేశాను. చల్లబడటం కాదది. సెన్సర్ చుట్టూ కూలెంట్ లేదు. ద్రవంలో మునిగి ఉంటేనే ఆ సెన్సర్ నిజం చెబుతుంది, ద్రవం పోయి గాలో ఆవిరో మిగిలితే ముల్లు తక్కువ చూపించగలదు, లోపల ఇంజన్ మాత్రం కాలిపోతూ ఉంటుంది. హీటర్‌లో వచ్చిన చల్లగాలి మొదటి హెచ్చరిక, ఎందుకంటే హీటర్‌కి వేడినిచ్చేది కూడా ఆ కూలెంటే. వెనక అద్దంలో తెల్లగా ఆవిరి కనిపించాక గానీ నాకు బుర్ర వెలగలేదు.

హెడ్ వంగింది. విప్పి, చదును చేయించి, హెడ్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే గాస్కెట్ కొత్తది వేయించాను. విప్పినప్పుడు చూశాను, కూలెంట్ దారి తెరిచి మూసే థర్మోస్టాట్ చుట్టూ చెరువు అడుగున ఒండ్రులాగా గోధుమరంగు జిగురు. హీటర్‌లో ఉండే చిన్న రేడియేటర్, అదే హీటర్ కోర్, సగం పూడుకుపోయింది. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు దగ్గర సన్నటి పగులు. హెడ్ పని చేసినతను "ఆ ప్లాస్టిక్‌కి వయసైపోయింది, లోపల ఏది పోసి ఉన్నా పగిలేదే" అన్నాడు. అయ్యుండొచ్చు. నేను మాత్రం ఒప్పుకోను. నా లెక్కలో నేరం ఆ ఆకుపచ్చ డబ్బాదే.

ఇక అసలు విషయం. కూలెంట్‌లో ఎక్కువ భాగం దాదాపు ఎప్పుడూ ఇథిలీన్ గ్లైకాలే. తేడా అంతా తుప్పు పట్టకుండా కలిపే మందుల్లో ఉంటుంది. పాత పద్ధతి ఆకుపచ్చ వాటిలో సిలికేట్లు ఉంటాయి, లోహం మీద త్వరగా పొర కడతాయి, కానీ త్వరగా అయిపోతాయి, రెండేళ్ళకోసారి మార్చాలి. ఆర్గానిక్ ఆమ్లాలతో చేసినవి ఐదేళ్ళు కూడా ఆగుతాయి, జనరల్ మోటార్స్ 1990ల మధ్యలో తెచ్చిన నారింజరంగు డెక్స్‌కూల్ ఈ రకం. జపాన్ కంపెనీలకి సిలికేట్ అంటే పడదు, వాటర్ పంప్ సీల్ అరుగుతుందని ఫాస్ఫేట్ వాడతాయి. యూరప్ కంపెనీలు ఫాస్ఫేట్ వద్దంటాయి, బోరునీళ్ళలాంటి కఠిన జలంలోని కాల్షియంతో కలిసి పొలుసు కడుతుందని. ఎవరి భయం వాళ్ళది. రంగు మాత్రం ఎవరిష్టం వచ్చిన అద్దకం వాళ్ళు వేసుకున్నదే. టొయోటా ఎరుపు కూలెంటూ ఫోక్స్‌వాగన్ జి12 అనే ఎరుపు కూలెంటూ పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి, లోపలి మందులు వేరు. అంతెందుకు, ఫోక్స్‌వాగన్ వాళ్ళదే పాత జి11లో వాళ్ళదే జి12 కలిపితే గోధుమరంగుకి తిరిగి పాడవుతుంది. తర్వాత ఊదారంగులో జి12 ప్లస్ తెచ్చి, దీన్ని కలుపుకోవచ్చు అన్నారు.

కాబట్టి మీ కారు జపాన్‌దైతే సిలికేట్ లేని, ఫాస్ఫేట్ ఉన్న రకం. జర్మనీదైతే మాన్యువల్‌లో ఉన్న నంబరు డబ్బా వెనక ఉందో లేదో చూసి కొనండి, ముందువైపు బొమ్మ చూసి కాదు. 1960, 70ల నాటి బ్రిటిష్ కారు ఎం.జి.బి. లాంటివైతే రాగి, ఇత్తడి రేడియేటర్, సీసం కలిసిన టంకం అతుకులు, వాటికి పాత సిలికేట్ రకమే మంచిది, కొత్త ఆర్గానిక్‌వి ఆ టంకాన్ని తినేయొచ్చు. గాలితోనే చల్లబడే పాత పోర్షె 911 అయితే మీకు ఈ తలనొప్పే లేదు, అదృష్టవంతులు.

కానీ ఏది పోశారన్న దానికంటే పాతది మొత్తం బయటికి పోయిందా లేదా అన్నదే ముఖ్యమని నా గట్టి నమ్మకం. రేడియేటర్ కింది ప్లగ్ ఒక్కటి విప్పితే సగమో, ఇంకా తక్కువో వస్తుంది. ఇంజన్ బ్లాక్‌కి వేరే డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది, చాలామంది దాని జోలికే వెళ్ళరు, చెయ్యి దూరదని. నేను డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ పూర్తిగా తెరిచి, ఇంజన్ వేడెక్కేదాకా నడిపి, మళ్ళీ చల్లారాక వదిలి, ఇలా ఐదుసార్లు చేశాను. ఐదోసారికి నీళ్ళు తేటగా వచ్చాయి. కుళాయి నీళ్ళు వద్దు, వేడి ఇంజన్‌లో చల్లనీళ్ళు అసలే వద్దు. వదిలిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి, మూత ఉన్న డబ్బాలో పట్టండి.

ఇక్కడ నేను ఇంకో తప్పు చేశాను. కడిగిన నీళ్ళు లోపల కొన్ని లీటర్లు ఉండిపోతాయి కదా, దాని మీద కూలెంటూ నీళ్ళూ సగం సగం కలిపినది పోస్తే చివరికి అంతా పలచనే. 13 లీటర్లు పట్టే కారుకి ముందు ఆరున్నర లీటర్లు నీళ్ళు కలపని చిక్కటిది పోసి, మిగతా ఖాళీ డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. ముందే నీళ్ళు కలిపి అమ్మే డబ్బాలు ఈ పనికి రావు. వాటిలో మళ్ళీ నీళ్ళు కలిపే మహానుభావులున్నారు, వాళ్ళ సంగతి వేరే చెప్పాలి. మొత్తం చిక్కటిదే పోస్తే ఇంకా మంచిది కదా అనేవాళ్ళు ఇంకో రకం. సగం సగం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, ఒట్టి గ్లైకాల్ అయితే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. పైగా వేడిని మోసేది ప్రధానంగా నీళ్ళే.

రేడియేటర్ మూత కూడా మార్చేయండి. అది పట్టి ఉంచే ఒత్తిడి వల్లే కూలెంట్ మరిగే స్థానం ఇరవై డిగ్రీల దాకా పెరుగుతుంది, స్ప్రింగ్ వదులైతే మీరు ఎంత మంచిది పోసినా ముందే మరుగుతుంది. కొత్త కూలెంట్ పోసి పాత మూతే బిగించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పైపుల్లో చిక్కుకున్న గాలి తియ్యడం నా కారులో సగం రోజు పట్టింది. ముందు బానెట్ కింద రేడియేటర్‌కి ఒకటి, హీటర్‌కి ఒకటి గాలి వదిలే బ్లీడర్లు ఉంటాయి, వాటికి పారదర్శకమైన గొట్టాలు తగిలించి, ఎత్తుగా కట్టి, వెనక ఇంజన్ దగ్గర పోస్తూ ముందుకు పరిగెత్తి బుడగలు చూడటం, మళ్ళీ వెనక్కి పరిగెత్తడం. ఒక్కడి వల్ల కాదు, ఇంకో మనిషిని పెట్టుకోండి. మీ కారుకి ఇంజన్ ముందే ఉంటే ఇంత అవస్థ ఉండదు, హీటర్ వేడిమీద పెట్టి ముందు చక్రాలు ఎత్తుమీద ఉంచితే చాలావరకు వచ్చేస్తుంది.

పని అయ్యాక ఏ రకం పోశానో, ఎన్ని లీటర్లో, ఏ తేదీనో కాగితం మీద రాసి, దాని మీద టేపు వేసి, బానెట్ లోపలివైపు అంటించాను. ఆ పాత ఓనరు ఈ ఒక్క పని చేసి ఉంటే నేను ఆకుపచ్చ డబ్బా మూత తీయనిచ్చేవాణ్ణి కాదు. సరే, మీరు ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి, లోపలి అంచు వేలితో రాసి చూడండి. జిగురు తగిలితే డబ్బా కొనే ముందు ప్లగ్‌లు విప్పే పని చూసుకోండి.