ఓపెన్ యాక్సెస్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందు

చి.సౌ. అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. నీ బుర్రకథ థీసిస్‌ను అక్కడ అమెరికాలో యూనివర్సిటీ ప్రెస్ పుస్తకంగా వేస్తానందని చదివి మీ పిన్నీ నేనూ ఎంత సంతోషించామో. ఓపెన్ యాక్సెస్‌కు, అంటే ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టడానికి, ఒప్పుకోవాలా అని అడిగావు. ఒప్పుకో. అట్ట పుస్తకం ఒక్కటే వస్తే లైబ్రరీలు కొంటాయి తప్ప, నువ్వు ఎవరి పాటలు రికార్డు చేసుకున్నావో ఆ కళాకారుల పిల్లలు కొనలేరు. కూచిపూడి స్త్రీవేషం మీద కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ 2019లో లూమినోస్ అనే తన ఓపెన్ యాక్సెస్ విభాగంలో ఒక పుస్తకం తెచ్చింది. కూచిపూడిలో కూర్చుని ఎవరైనా దాన్ని ఫోన్‌లోకి దించుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు.

ఉచితం చదివేవాళ్లకే సుమా. ఎడిటింగుకు, పేజీలు కట్టడానికి డబ్బు ఎవరో ఒకరు పెట్టాలి. 2015లో లూమినోస్ మొదలైనప్పుడు ఒక్కో పుస్తకానికి 15,000 డాలర్లు అవుతుందని లెక్కగట్టి, అందులో సగం రచయిత వైపు నుంచి అడిగారు. అంటే మీ యూనివర్సిటీయో, గ్రాంటు ఇచ్చినవాళ్లో ఇవ్వాలని. నీ జీతంలోంచి మాత్రం కట్టకు. మీ లైబ్రరీకి వెళ్లి ఇలాంటి నిధి ఉందా అని మొహమాటం లేకుండా అడుగు. ఎంఐటీ ప్రెస్ 2021లో పెట్టిన డైరెక్ట్ టు ఓపెన్ పద్ధతిలో లైబ్రరీలే కలిసి డబ్బు వేసుకుంటాయి, రచయితను అడగరు. మీ ప్రెస్‌కు అలాంటిది ఉందేమో కనుక్కో. ఇక, నిపుణుల చేత సమీక్ష చేయించే ఊసెత్తకుండా ‘మీ థీసిస్ అద్భుతం, నెలలో అచ్చేస్తాం’ అని మెయిళ్లు పెట్టేవాళ్లకు జవాబు కూడా ఇవ్వకు.

అసలు జాగ్రత్త పడాల్సింది లైసెన్సు దగ్గర, అంటే పుస్తకాన్ని ఇతరులు ఎలా వాడుకోవచ్చో చెప్పే షరతుల దగ్గర. సీసీ బై (క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒకటి) అయితే నీ పేరు వేసి ఎవరైనా అచ్చేసి అమ్ముకోవచ్చు. అది చట్టబద్ధమే. ఎన్‌సీ (నాన్ కమర్షియల్) అని చేరిస్తే అమ్ముకోకూడదు. ఎన్‌డీ (నో డెరివేటివ్స్, మార్చి ప్రచురించకూడదని) కూడా చేరిస్తే, అనుమతి లేకుండా తెలుగులోకి అనువదించి ప్రచురించడం కుదరదు. తెలుగువాళ్ల కళ మీద రాసిన పుస్తకం తెలుగులోకి రావడానికి అమెరికా వాళ్ల అనుమతి కోసం ఎదురుచూడటం ఏం బావుంటుంది? అందుకని ఏ లైసెన్సు అయినా, కాపీరైటూ తెలుగు అనువాద హక్కూ నీ దగ్గరే ఉంటాయని కాంట్రాక్టులో రాయించుకో. గ్రాంటు ఇచ్చినవాళ్లు ఫలానా లైసెన్సే కావాలన్నారేమో ముందే చూసుకో.

పాటలు, ఫోటోల సంగతి వేరు. అవి నీవి కావు కాబట్టి నీ లైసెన్సు వాటికి వర్తించదు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. వారసుల దగ్గర అనుమతి తీసుకునేటప్పుడు ‘ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా’ అన్న మాట కాగితం మీద ఉండాలి. ఇంటర్వ్యూలో నమ్మి చెప్పుకున్న ఇంటి గొడవలు కూడా మరోసారి చదువు. థీసిస్ నలుగురు చదివారు, దీన్ని వాళ్ల ఊరంతా చదువుతుంది. పేర్లు ఉంచాలా తీసేయాలా అని ఫోన్ చేసి వాళ్లనే అడుగు.

అచ్చు పుస్తకం కూడా వేయమను, రచయిత కాపీలు మామూలుకన్నా ఎక్కువ అడుగు. కళాకారుల ఇళ్లకు నేనే తీసుకెళ్లి ఇస్తాను. కాంట్రాక్టు రాగానే సంతకం పెట్టకుండా నాకోసారి పంపు.

మీ బాబాయి