యాంటెన్నా ట్యూనింగ్‌కు చవకైన నానోవీఎన్‌ఏ సరిపోతుందా?

రేడియో స్టేషన్ యాంటెన్నాను ట్యూన్ చేయడానికి అరచేతిలో ఇమిడే చవకైన నానోవీఎన్‌ఏ (యాంటెన్నా విద్యుత్ గుణాలను కొలిచే చిన్న పరికరం) చాలావరకు సరిపోతుంది. కాకపోతే సమీపంలో శక్తిమంతమైన మరో ప్రసారం ఉంటే దాని కొలతలు చెదిరిపోతాయి. ఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ రేషియో; 1 అంటే పూర్తి పొంతన) మీటరు యాంటెన్నాకూ, దానికి సిగ్నల్ తెచ్చే లైనుకూ మధ్య పొంతన ఎంత తప్పిందో మాత్రమే చెబుతుంది. నానోవీఎన్‌ఏను ముందుగా ఓపెన్, షార్ట్, 50 ఓమ్‌ల లోడ్‌లతో కాలిబ్రేట్ చేస్తే (కొలతలను సరిచేస్తే), అది రెసిస్టెన్స్‌ను, రియాక్టెన్స్‌ను (కాయిల్ లేదా కెపాసిటర్ లాంటి ప్రభావాన్ని) విడివిడిగా చూపుతుంది కనుక లోపం ఎటువైపు ఉందో తెలుస్తుంది. ఉదాహరణకు, 50 ఓమ్‌ల లైనుపై ఎస్‌డబ్ల్యూఆర్ 2 వచ్చినప్పుడు యాంటెన్నా 25 ఓమ్‌లు కావచ్చు, 100 ఓమ్‌లూ కావచ్చు. ఈ రెండింటికీ సవరణ ఒకటి కాదు. ఎస్‌డబ్ల్యూఆర్ 1కి చేరితే యాంటెన్నా చక్కగా ప్రసారం చేస్తున్నట్టేనని చాలామంది భావిస్తారు, కానీ శక్తినంతటినీ వేడిగా మార్చేసే డమ్మీ లోడ్ కూడా అదే 1 చూపుతుంది.