ఏనుగు కాలి లంగరు

సందేహం: మా అబ్బాయి అనువాదం పరీక్షలో టీవీ యాంకర్‌ని ‘వార్తల లంగరు’ అని రాశాడు. టీచరు కొట్టేశారు. అసలు లంగరు తెలుగు మాటేనా? గురుద్వారాలో పెట్టే లంగర్ కూడా ఇదేనా?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

సమాధానం: టీచరుగారు కొట్టేయడం సబబేనమ్మా. ఓడకు లంగరు వేస్తాం, ఎత్తుతాం. మనిషిని లంగరు అనే వాడుక మనకు లేదు. పుట్టుకతో అది పారసీ మాట. తమిళులు నంగూరం అంటారు.

మీ పక్కనే లంగర్‌హౌజ్ ఉంది. దాన్ని ‘లంగర్ హౌస్’ అని రాసేవాళ్లను చూస్తే నాకు బాధ. హౌజ్ అంటే నీటి తొట్టి. ఇంగ్లిష్ ఇంటిని తెచ్చి పెట్టి ఆ పేరులో నీటిచుక్క లేకుండా చేశాం.

ఈ మాటకు హైదరాబాదులో ఇంకో గొప్ప కథ ఉంది. 1626లో గోల్కొండ గద్దెనెక్కిన అబ్దుల్లా కుతుబ్‌షా చిన్నతనంలో ఎక్కిన ఏనుగు మదమెక్కి అడవిలోకి పరుగుతీసిందట. కొడుకు క్షేమంగా తిరిగొస్తే ఏనుగు కాలి గొలుసంత బరువైన బంగారు గొలుసు సమర్పిస్తానని తల్లి హయాత్ బక్షీ బేగం మొక్కుకుంది. కొడుకు దక్కాడు. ఆమె ఆ గొలుసును పాతబస్తీలో మొహర్రం పీరును నిలిపే హుస్సేనీ ఆలంకు తీసుకెళ్లి, తుంచి బీదలకు పంచిందని చెబుతారు. ఏనుగు కాలికి వేసే ఆ గొలుసు పేరే లంగర్! మొహర్రంలో లంగర్ ఊరేగింపు ఆ మొక్కు పేరున వచ్చిందే, నిజాముల కాలంలోనూ సాగింది. ఓడను ఆపేదీ, ఏనుగును ఆపేదీ ఒకే మాట. ఇంత అందమైన సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు ఉండదు?

అన్నసత్రం అనే అర్థమూ పారసీలోనే ఉంది. గురుద్వారా లంగర్ అదే.

ఇక యాంకర్. దాని మూలం గ్రీకులోని ‘అంకురా’. వంపు, కొక్కెం అనే భావం. మన అంకుశం ఆ కుటుంబంలోదే. చూడండి, కాలికి లంగరు, కుంభస్థలం మీద అంకుశం: రెండు మాటలూ ఏనుగు దగ్గరే కలిశాయి.

టీవీ యాంకర్‌ని ‘వ్యాఖ్యాత’ అనడం మాత్రం నాకు మింగుడు పడదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మన మెదకుసీమ మల్లినాథసూరి వ్యాఖ్యాత. రాసిచ్చింది చదివేవారికి ఆ పేరెందుకు? నాటకంలోని సూత్రధారి చక్కగా సరిపోయేది, కానీ పత్రికలు దాన్ని ‘కేసులో ప్రధాన సూత్రధారి’ చేసి కూర్చోబెట్టాయి. అంతకన్నా మంచిది దొరికేదాకా మీ అబ్బాయిని యాంకర్ అనే రాయనివ్వండి.